టైపు మిషన్‌లో లేని ఒకటి

గేటు దగ్గర అంజనమ్మ మైకు లాక్కోవడంతో పోయిన వారం ఆగాం. ఆ వారం చదవని వాళ్ళకు నాలుగు మాటలు చెబుతాను. హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో వాల్వులు చేసే ఫ్యాక్టరీ. ఒక వాన రోజు పిడుగు పడి కరెంటు పోయింది. పోతూ పోతూ కంప్యూటరు పెద్ద డిస్కును పడుకోబెట్టి పోయింది. టైపింగ్ సెక్షను ఆడవాళ్ళు ఏడాదిగా కొట్టిన స్టోర్సు వివరాలన్నీ అందులోనే ఇరుక్కున్నాయి. ఆ కంప్యూటరు అమ్మిన కంపెనీ చూస్తే ఎప్పుడో మూతపడింది. బెంగుళూరు నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చి చూసి, "డిస్కు తుడిచేసి కొత్తగా మొదలుపెడదాం, నడిపే మనుషుల్ని కూడా నేనే తెస్తాను" అన్నాడు. అంటే టైపింగ్ సెక్షనుకు తాళం పడినట్టే. యూనియన్ సెక్రటరీ గంగప్ప "కంప్యూటరే వద్దు, తీసి బయట పారెయ్యండి" అని గేటు మీటింగులో అరిచాడు. టైపింగ్ సెక్షను అంజనమ్మ అతని చేతిలోంచి మైకు లాగి, "వద్దనొద్దన్నా, మాకియ్యమని అడుగు" అంది. మేడమీది కిటికీలోంచి వర్క్స్ మేనేజరు అంతా విన్నాడు. విని, నవ్వి, ఒక మాట ఇచ్చాడు. శనివారం సాయంత్రం సైరన్ మోగేలోగా డిస్కును మీరే లేపితే కంప్యూటరు గది టైపింగ్ సెక్షనుది. లేపలేకపోతే సోమవారం కాంట్రాక్టరు దిగుతాడు.

ఈ రోజే ఆ శనివారం.

పొద్దున్నించీ ముసురు. బేరిగై బస్సు దిగి గొడుగు విదిలించుకుంటూ అంజనమ్మ కంప్యూటరు గదిలోకి వచ్చేసరికి గోపాలకృష్ణ అప్పటికే తెర ముందు కూర్చుని గోళ్ళు కొరుకుతున్నాడు. గోపాలకృష్ణది కృష్ణగిరి. ఫ్యాక్టరీ మొత్తంలో కంప్యూటరుకు పని చెప్పే సి భాష చదవగలిగినవాడు అతనొక్కడే. టైపు కొట్టడం మాత్రం రాదు. రెండు వేళ్ళతో కోడి గింజలు ఏరినట్టు కొడతాడు. అందుకే వారమంతా అతను అర్థం చెప్పడం, ఆడవాళ్ళు కొట్టడం.

ఏమి కొట్టారంటారా? డిస్కును ఒక పెద్ద గోడౌను అనుకోండి. ఏ సరుకు ఏ అరలో ఉందో చెప్పే గుర్తులు పిడుగుతో చెదిరిపోయాయి. సరుకు అట్లాగే ఉంది, దారి తప్పింది. ఒక్కో అర తిరిగి చూసి, గుర్తులు సరిచేసే సాధనాలు కొన్ని ఉంటాయి. కంపెనీవాళ్ళు వాటిని కంప్యూటరులో ఎక్కించి ఇవ్వలేదు. "వాటి టేపు తర్వాత పంపుతాం" అని చెప్పి, ఆ సాధనాల మూల రాతను మాత్రం లావుపాటి అచ్చు కాగితాల కట్టగా మాన్యువళ్ళ పెట్టెలో పడేసి పోయారు. టేపు రాలేదు. కంపెనీయే పోయింది. మిగిలింది కాగితం. ఆ కాగితాన్ని అక్షరం అక్షరం, పిడుగుకు చెడకుండా మిగిలిన చిన్న డిస్కులోకి కొట్టి, కంపైల్ చేసి, అంటే మనిషి చదివే రాతను మిషన్ చేసే పనిగా మార్చి, ఆ సాధనంతో పెద్ద డిస్కును లేపాలి. ఆలోచన ఇంతే. బెంగుళూరు దొరకు ఇది తోచలేదంటే నమ్మను. తోచింది. తుడిచేస్తే వాడికి లాభం.

"రా అక్కా. ముగిసినాయి గదా అన్ని పేజీలు?" అన్నాడు గోపాలకృష్ణ.

"నిన్న బస్సు టయానికి ముందే సుబ్బక్క ఆఖరి పేజీ కొట్టేసింది. నేను మొత్తం ఒకసారి చదివినా. ఒక్క చుక్క పోలేదు."

"అయితే కొడతా ఉండాను. చూడు."

కంపైల్ చేయమని ఆజ్ఞ ఇచ్చాడు. కాసేపు తెర ఊరకుంది. తర్వాత తప్పులు కురవడం మొదలైంది. ఒకటి చదివేలోగా నాలుగు పైకి జారిపోతున్నాయి. తెర నిండింది, మళ్ళీ నిండింది. పక్క టెర్మినల్ దగ్గర కూర్చున్న సుబ్బక్క నోట్లో తాంబూలం నమలడం ఆపేసింది.

"ఏందప్పా ఇది, గలాటా చేస్తా ఉండాది?" అంది సుబ్బక్క.

గోపాలకృష్ణ ముఖం ఎర్రబడింది. "ఏం కొట్టినారక్కా మీరు? ప్రతి లైనూ తప్పంటా ఉండాది!"

అంజనమ్మ నిలబడిన చోటే బిగుసుకుంది. ఆమె కృష్ణగిరిలో మారియప్ప మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో హయ్యర్ పరీక్ష ఫస్టు క్లాసులో పాసైన మనిషి. కళ్ళకు గుడ్డ కట్టి కొట్టమన్నా తప్పులేకుండా కొట్టేది. తిట్టినా ఊరుకుంటుంది గానీ టైపులో తప్పంటే ఊరుకోదు.

"చూపించు" అంది. "యాడుండాది తప్పు? వేలు పెట్టి చూపించు."

"ఇదో. ఎల్ ఎవరో నాకు తెలీదు అంటా ఉండాది. ఎల్ సున్నా ఎవరో తెలీదంట. ఎల్ సున్నా రెండు నాలుగు ఎవరో తెలీదంట."

"యాడుండాదప్పా ఎల్?"

"ఇదో, ఈడ!"

"అది ఎల్ కాదు, ఒకటి."

"ఎల్ అక్కా!"

"ఒకటప్పా! కాగితం చూడు. కాగితంలో ఏముండాది? పది. నేనేం కొట్టినా? పది. నీ కండ్లకేమయింది?"

"పది కాదక్కా నువ్వు కొట్టింది. ఎల్, దాని పక్కన సున్నా."

"అదే గదా పది అంటే!"

అంజనమ్మ ఏమందో అంజనమ్మకే వినిపించింది. ఆమె మెల్లగా కుర్చీలో కూర్చుని, కుడిచెయ్యి ఎత్తి, ఉంగరపు వేలు వైపు చూసుకుంది. ఆ వేలు ఏం చేసిందో అప్పుడు అర్థమైంది.

టైపు మిషన్‌లో ఒకటి లేదు.

నమ్మకపోతే మీ ఊళ్ళో ఏ ఇన్‌స్టిట్యూట్‌కైనా వెళ్ళి పాత మిషను చూడండి. అంకెల వరస రెండుతో మొదలవుతుంది. ఒకటి కావాలంటే చిన్న ఎల్ కొట్టాలి. మాస్టారు మొదటి వారమే నేర్పుతాడు. నేర్చుకున్నవాళ్ళు ఇక దాన్ని తలుచుకోరు, వేలే చేసుకుపోతుంది. కాగితం మీద రెండూ ఒక్కలాగే పడతాయి, చదివేవాడికి తేడా లేదు. స్టోర్సు అంకెలు కొట్టినంత కాలం ఈ గొడవ రాలేదు. వాటికి కీబోర్డు పక్కన వేరే అంకెల మీటలున్నాయి, అక్కడ ఒకటి ఉంది. ఈ సి రాతలో అక్షరాల మధ్యలో అంకెలొస్తాయి. దానితో చేతులు పాత దారి పట్టాయి. అంజనమ్మవే కాదు, సెక్షనులో ఎన్ని చేతులున్నాయో అన్నీ.

"సుబ్బక్కా, ఒకటి ఎట్ల కొట్టినావు?" అని అడిగింది అంజనమ్మ.

"ఒకటి ఎట్ల కొడతారు? ఎల్ కొడతారు" అంది సుబ్బక్క, ఇదేం ప్రశ్న అన్నట్టు.

ముందు గోపాలకృష్ణ నవ్వాడు. తర్వాత అంజనమ్మకూ ఆగలేదు. సుబ్బక్క ఇద్దర్నీ చూసి, "నన్ను చూసేనా నవ్వేది?" అని కోపంగా మొదలుపెట్టి, సంగతి తెలిసాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోయింది. "ఆ మారియప్ప మాస్టారు ఉండాడే, ఈడికి లాక్కొని రావల్ల ఆయప్పని! ఫీజు తీసుకొని ఒకటి లేని మిషన్ మీద నేర్పినాడు!"

నవ్వు బాగానే ఉంది. పని మాత్రం మిగిలే ఉంది. ఉన్న ఎల్‌లన్నీ ఒకటిగా మార్చేయమని, కంప్యూటరులో రాత దిద్దే ఎడిటరు ప్రోగ్రాముకు చెబితే సరిపోదు. మాటల్లో నిజమైన ఎల్‌లు ఉన్నాయి. గోపాలకృష్ణ తప్పుల జాబితా ముందు పెట్టుకుని లైను చెబుతాడు, అంజనమ్మ ఆ లైనుకు పోయి సరిచేస్తుంది. ఇద్దరికీ ఒక ఊపు వచ్చింది. అతను "ముందర ఎల్" అంటాడు, ఆమె అతని మాట పూర్తయ్యేలోగా కొట్టేసి ఉంటుంది. మధ్యాహ్నానికి ముసురు తగ్గింది. క్యాంటీన్ నుంచి చిత్రాన్నం వాసన ఏసీ గదిలోకి కూడా వచ్చింది.

చిత్రాన్నం తెచ్చింది గంగప్ప. తెస్తాడని ఎవరూ అనుకోలేదు. లేతు మీద పనిచేసే మనిషి, చేతుల్లో నూనె ఎంత కడిగినా పోదు. గేటు మీటింగు తర్వాత అంజనమ్మతో మాట్లాడలేదు. తలుపు దగ్గర చెప్పులు విడిచి, పొట్లాలు చేత్తో పట్టుకుని, ఎక్కడ నిలబడాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"తిండన్నా తినండి. మిషన్ కోసం పస్తులుండేది యాడన్నా ఉండాదా?" అన్నాడు.

"కూర్చో గంగప్పన్నా. మైకు మాత్రం అడగొద్దు, ఈడ లేదు" అంది అంజనమ్మ.

"దొంగతనం చేసిందీ కాక మాటలొకటి" అన్నాడు గంగప్ప. కోపం తేవాలని చూశాడు, రాలేదు. కూర్చున్నాడు. "ఇది లేస్తే మీ కొలువులుంటాయి, సరే. రేపు ఇంకా పెద్ద మిషన్ తెస్తారు. అప్పుడేం చేస్తావమ్మణ్ణీ?"

"అప్పుడు దాన్ని కూడా మేమే నడుపుతామంటాం. నీ లేతు కూడా మిషనే గదన్నా. దాన్ని పారెయ్యమంటే పారేస్తావా?"

"నా లేతు జోలికొస్తే చెయ్యి నరుకుతా."

"అదే నేనూ చెప్పింది" అంది అంజనమ్మ. గంగప్ప పొట్లం విప్పి ఆమె ముందుకు జరిపాడు.

కంప్యూటరంటే భయపడిన కార్మికుణ్ణి నేను తప్పుపట్టను. మిషన్ ఎవరి చేతిలో ఉందని అడగకుండా మిషన్‌ని తిట్టమని నేర్పిన నాయకుల్నే తప్పుపడతాను. గంగప్ప కూడా వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాడే. కానీ ఎదురుగా జరిగేది చూసి మనసు మార్చుకోగలిగిన మనిషి, అది చిన్న గుణం కాదు.

భోజనం ముగిసింది. ఆఖరి తప్పు సరిచేశారు. గోపాలకృష్ణ మళ్ళీ కంపైల్ చేయమన్నాడు. తెర కాసేపు ఊరకుంది. ఇంకా ఊరకుంది. ఏ తిట్టూ లేకుండా, ఏ అరుపూ లేకుండా, తర్వాతేమి అని అడిగే గుర్తు వచ్చి కూర్చుంది.

"ఏమంది?" అన్నాడు గంగప్ప.

"ఏమీ అనలేదు."

"ఏమీ అనకపోతే?"

"ఏమీ అనకపోతే బాగుండాదని అర్థమన్నా!" అని గోపాలకృష్ణ కుర్చీలోంచి లేచి గంగప్ప నూనె చేతులు పట్టుకుని ఊపేశాడు. సుబ్బక్క కొత్త తాంబూలం చుట్టుకుంది. అంజనమ్మ కుర్చీలో వెనక్కి వాలి, వారంలో మొదటిసారి ఊపిరి నిండా పీల్చుకుంది.

"ఏమయ్యా, ఆ దొంగ ఎల్‌లని అందర్నీ పట్టుకున్నట్టేనా?" అన్నాడు గంగప్ప.

"మిషన్ అరిచిన ప్రతిదాన్నీ పట్టుకున్నాం."

"మిషన్ అరవనోళ్ళు? మేము గేటు దగ్గర ధర్నాకి కూర్చుంటే పోలీసులు ఏం చేస్తారు? ముందర నిలబడినోడిని పట్టుకుపోతారు. ఎనక నిలబడినోడు తప్పించుకుంటాడు. నేను ఎన్నిసార్లు ఎనక నిలబడి ఇంటికి పోలేదు!"

అందరూ నవ్వారు. అంజనమ్మ నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"గోపాలకృష్ణా. పొద్దున్నించీ నువ్వు 'ముందర ఎల్', 'మధ్యలో ఎల్' అని చెప్తా వచ్చినావు. 'ఎనక ఎల్' అని ఒక్కసారన్నా చెప్పినావా?"

"లేదు."

"ఇరవై ఒకటిని మేమెట్ల కొట్టుంటాం? రెండు, పక్కన ఎల్. మరి మిషన్ దానికెందుకు అరవలేదు?"

గోపాలకృష్ణ మెల్లగా కూర్చున్నాడు. చెయ్యి నుదుటి మీదికి పోయింది.

"అంకె ఎనక ఎల్ పెడితే సి లో దానికి అర్థముండాది అక్కా. పెద్ద గడిలో పెట్టుకునే అంకె అని అర్థం. రెండు పక్కన ఎల్ ఉంటే అది తప్పని అనుకోదు. రెండు అనుకొని పోతుంది."

"అంటే ఇరవై ఒకటి..."

"రెండు అయిపోతుంది. సుమ్మనే, మనకు చెప్పకుండానే."

సరిచేయడానికి పంపే మనిషికి తప్పు అర నంబర్లు ఇచ్చి గోడౌనులోకి తోలినట్టు. సరిగ్గా ఉన్నది కూడా కలగాపులగం చేసి వచ్చేవాడు. ఇంకో క్షణంలో తోలేవాళ్ళే.

"ఎనక నిలబడే బుద్ధి మంచిదే అప్పుడప్పుడు" అన్నాడు గంగప్ప, ఎవరూ నవ్వకపోయినా.

మళ్ళీ కాగితాలు తీశారు. ఈసారి మిషన్ ఏమీ చెప్పదు, కళ్ళే చూడాలి. అంకె వెనక ఎల్ ఉన్న ప్రతిచోటునూ వెతికి తెచ్చేది అంజనమ్మ. కొన్ని చోట్ల అది నిజంగా ఎల్‌గానే ఉండాలి. ఏది దొంగ ఎల్, ఏది అసలు ఎల్ అని చుట్టూ ఉన్న అర్థం చూసి చెప్పేది గోపాలకృష్ణ. అచ్చు కాగితం మసకగా ఉన్నచోట సుబ్బక్క కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో చూసి, "దీనికి పైన ముక్కుండాది, ఒకటే" అని కేకేసేది. గంగప్ప చూసిన పేజీలు చూడనివాటితో కలవకుండా పట్టుకుని నిలబడ్డాడు. ఏమీ తెలియని పనిలో అంత శ్రద్ధగా నిలబడిన యూనియన్ సెక్రటరీని నేనింకెక్కడా చూడలేదు.

దొంగలు దొరికారు. చాలామందే దొరికారు. ఒక్కొక్కటి దొరికినప్పుడల్లా సుబ్బక్క "ఇంగొకడు!" అనేది, అందరికీ ప్రాణం లేచొచ్చేది. పొద్దు వాలేసరికి కట్ట అడుగుకు వచ్చింది. మళ్ళీ కంపైల్. మళ్ళీ ఆ చల్లని మౌనం. ఈసారి ఎవరూ ఎగరలేదు. అంజనమ్మ ఆఖరి పేజీ ఇంకోసారి చూసి తల ఊపింది.

"ఇప్పుడు ఇన్‌స్టాల్ చెయ్యల్ల" అన్నాడు గోపాలకృష్ణ.

"అంటే?"

"ఇంతవరకు మన చేతి కింద ఉండాది గంగప్పన్నా. ఇప్పుడు సిస్టం సొంత సాధనాలు పెట్టుకునే చోట దీన్ని పెట్టి, వాటితో సమానంగా హక్కులిస్తాం. ఆడినించి ఎప్పుడు పిలిచినా పలుకుతుంది."

గంగప్ప ఆలోచించాడు. "అయితే ఇంతసేపూ క్యాజువల్. ఇప్పుడు పర్మనెంట్ చేస్తా ఉండారు."

"అంతే అన్నా."

"ఒక్క పూటలో పర్మనెంట్! మా షాపులో ఎన్నేండ్లుగానో క్యాజువల్‌గా చచ్చిపోతా ఉండారు. ఈ మేనేజరు కంటే మీరే మేలు."

"ఎవరు మేలు?" అని తలుపు దగ్గర గొంతు వినిపించింది.

వర్క్స్ మేనేజరు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కారు తాళాలు. సైరన్‌కు ఇంకా కొంచెం టైముంది. ఆయన గడియారం చూసుకోలేదు, చూసుకున్నట్టు మాత్రం నిలబడ్డాడు.

"మీరే సార్" అన్నాడు గంగప్ప. ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

"ఏమ్మా అంజనమ్మా, లేచిందా నీ డిస్కు?"

"ఇప్పుడే లేపుతా ఉండాం సార్. కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. అంజనమ్మ సాధనాన్ని పేరు పెట్టి పిలిచింది, పెద్ద డిస్కును చూపించింది. తెరమీద మొదటి దశ అని పడింది. డిస్కు పెట్టెలోంచి గరగర శబ్దం మొదలైంది. పిడుగు పడిన రోజు నుంచి వినని శబ్దం. గోపాలకృష్ణ కళ్ళు మూసుకుని విన్నాడు. రెండో దశ. చెదిరిన గుర్తు ఒకటి దొరికింది, సరిచేయమంటావా అని అడిగింది. అంజనమ్మ అవునని 'వై' కొట్టింది. సరిచేసింది. ఇంకొకటి అడిగింది, అదీ చేసింది. మేనేజరు తాళాల గుత్తి ఆడించడం ఆపాడు. ఆయనే ఒక అడుగు ముందుకు వచ్చాడు.

"పరవాలేదే" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం ఫ్యాక్టరీలో ఎవరికీ అలవాటు లేదు.

నాలుగో దశలో తెర ఆగింది. పేరు లేని ఒక ఫైలు దొరికిందంది. ఏ అరకూ చెందకుండా దిక్కులేక పడి ఉంది. సొంతదారు: స్టోర్సు. పరిమాణం చూడగానే గోపాలకృష్ణ అంజనమ్మ భుజం మీద తట్టాడు.

"అదే అక్కా. మీరు ఏడాదిగా కొట్టిందంతా. మొత్తం ఈడే ఉండాది."

దీన్ని తెచ్చి కలపనా అని అడిగింది. అంజనమ్మ 'వై' కొట్టింది.

జవాబు వచ్చింది. "సారీ" అంది మిషన్.

"సారీ అంటుందా ఇది?" అన్నాడు గంగప్ప.

గోపాలకృష్ణ మిగతాది చదివాడు. దొరికిన ఫైళ్ళను పెట్టడానికి డిస్కులో ముందుగానే ఒక ఖాళీ గది చేసి ఉంచాలి. ఈ డిస్కులో ఆ గది లేదు. చేయనే లేదు ఎవరూ. దాని కిందనే ఇంకో ప్రశ్న వచ్చి మినుకు మినుకుమంటోంది. పెట్టడానికి చోటు లేదు కాబట్టి, ఈ ఫైలును తీసేయమంటావా?

"అడుగుతుంది గదా, వై కొట్టు" అన్నాడు మేనేజరు. "ఒక్క ఫైలు పోతే పోనీ. డిస్కు లేస్తుంది. నేను మాట ఇచ్చింది డిస్కుకే. ఈ కంప్యూటరు గది మీకే ఇస్తాను."

ఎంత సులువు! ఒక్క మీట. కంప్యూటరు గది వస్తుంది, కొలువులు నిలుస్తాయి. ఏడాది పని పోతుంది. సోమవారం పొద్దున్న ఎవరన్నా అడిగితే, పోగొట్టింది ఎవరంటే టైపింగ్ సెక్షను అంటారు. మీట నొక్కిన వేలు ఎవరిదో నింద వాళ్ళదే. అంజనమ్మకు ఇదంతా తెలియడానికి పెద్దగా టైము పట్టలేదు.

"కొట్టను సార్" అంది.

"ఏమన్నావు?"

"అది మా పని. దాన్ని మేమే చంపుకోము. డిస్కులో ఆ ఖాళీ గది ఎట్ల కట్టల్లో చూస్తాం."

"సైరన్ అయిపోతే నీకు గదీ లేదు, సీటూ లేదు. తెలుసా?"

"తెలుసు సార్."

"జరుగు. నేనే కొడతాను." మేనేజరు ఆమె భుజం మీదుగా చెయ్యి చాచాడు.

బయట సైరన్ మొదలైంది. అంజనమ్మ ఏ మీటా తగలకుండా అంచులు పట్టుకుని, కీబోర్డును బల్ల మీంచి ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.